ఫేజ్ ఇంటిగ్రేజ్‌లు

బాక్టీరియాకు సోకే వైరస్‌లను ఫేజ్‌లంటారు. వీటిలో కొన్ని ఆతిథేయ కణాన్ని వెంటనే చంపకుండా తమ డీఎన్‌ఏను దాని క్రోమోజోమ్‌లో ఒక నిర్దిష్ట స్థానంలో చేర్చి తరాల తరబడి అక్కడే ఉండిపోతాయి. ఈ చేర్పు చేసే ఎంజైమే ఇంటిగ్రేజ్.

వీటి చరిత్ర ఇ.కోలై బాక్టీరియాలో ఉండే లామ్డా ఫేజ్‌తో మొదలైంది. ఫేజ్ డీఎన్‌ఏ వలయంగా మారి, ఒకే చోట తెగి క్రోమోజోమ్‌తో అతుక్కుంటుందని 1962లో అలన్ క్యాంప్‌బెల్ ప్రతిపాదించారు. 1975లో హోవార్డ్ నాష్ ఆ చర్యను పరీక్షనాళికలోనే జరిపించారు. అయితే లామ్డా ఇంటిగ్రేజ్‌కు బాక్టీరియా ప్రోటీన్ ఒకటి తోడుండాలి. మనిషి కణాల్లో జన్యువులను చేర్చే సాధనంగా దీన్ని వాడాలంటే, అక్కడ ఆ ప్రోటీన్ దొరకదు.

పి1 ఫేజ్‌కు చెందిన క్రీ ఎంజైమ్‌కు ఏ తోడూ అక్కర్లేదు. 34 బేస్ జతల లాక్స్‌పి వరుస ఉంటే చాలు. బ్రయన్ సావర్ 1988లో దీన్ని క్షీరద కణాల్లో పనిచేయించారు. ఎలుకల్లో జన్యువులను తొలగించడానికి ఇది నేటికీ ప్రధాన సాధనమే. చేర్చడానికి మాత్రం అంత నమ్మదగింది కాదు: కొత్త జన్యువుకు రెండు వైపులా లాక్స్‌పి మిగిలిపోతుంది కాబట్టి, చేర్చిన ఎంజైమే దాన్ని ఊడదీస్తుంది.

ఈ చిక్కును విప్పింది స్ట్రెప్టోమైసిస్ అనే నేల బాక్టీరియాలోని ఫై-సి31 ఫేజ్. దాని ఇంటిగ్రేజ్ రెండు వేర్వేరు వరుసలను గుర్తిస్తుంది: ఫేజ్‌లోది అట్‌పి, బాక్టీరియాలోది అట్‌బి. కలిశాక రెండూ రూపు మారిపోతాయి. మారిన వాటిని ఇంటిగ్రేజ్ ఒక్కటే మళ్లీ విడదీయలేదు. అంటే దారి ఒకవైపే. దీనికి బాక్టీరియా ప్రోటీన్ల సాయం అవసరం లేదని థార్ప్, మార్గరెట్ స్మిత్ 1998లో చూపారు. రెండేళ్లకు స్టాన్‌ఫర్డ్‌లో మిషెల్ కాలోస్ బృందం మనిషి కణాల్లో దీన్ని వాడింది. 2004లో పండ్ల ఈగలకూ తెచ్చింది. ఈగల జన్యుశాస్త్రంలో ఇప్పుడిది రోజువారీ పద్ధతి.

వైద్యంలో మాత్రం కథ అంత సాఫీగా సాగలేదు. అవసరానికి కొదవ లేదు: నిర్దిష్ట స్థానం లేకుండా చేరే రెట్రోవైరస్‌తో పారిస్‌లో జన్యు చికిత్స పొందిన కొందరు పిల్లల్లో ఆ వైరస్ ఎల్‌ఎమ్‌ఓ2 అనే జన్యువు దగ్గర చేరడంతో రక్త క్యాన్సర్ వచ్చింది. కానీ మనిషి జీనోమ్‌లో ఫై-సి31కు అసలైన చిరునామా లేదు. అట్‌పిని పోలిన చోట్లలో అది చేరుతుంది. కొన్ని ప్రయోగాల్లో క్రోమోజోమ్‌ల అమరికే మారింది.

లేని చిరునామాను ముందుగా రాయడమే ఆ తర్వాతి మార్గం. 2022లో వెలువడిన పేస్ట్ పద్ధతిలో క్రిస్పర్ అనే జన్యు సవరణ పరికరం కోరిన చోట అట్‌బి వరుసను రాస్తుంది. మైకోబాక్టీరియా ఫేజ్ నుంచి తీసిన బీఎక్స్‌బీ1 ఇంటిగ్రేజ్ అక్కడ జన్యువును చేరుస్తుంది. ఇలా సుమారు 36,000 బేస్ జతల పొడవు వరకు చేర్చగలిగారు.