డబ్బాపాల మీద ఒక చట్టం

ఈ ప్రత్యేక సంచికలో డి.ఎ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి రాసే మిత్రులు ఎలాగూ ఉన్నారు గనుక నేను మనవలు తాగే పాల గురించి రాస్తున్నాను. ఇదీ కాగితాల చరిత్రే. ఫైళ్ల మధ్య ఉద్యోగం వెళ్లదీసిన వారికి రుచిస్తుందని నమ్మకం.

1970లలో పిల్లల్ని కన్న మన తరానికి 'గ్లాక్సో బేబీ' అన్న మాట కొత్త కాదు. బిడ్డ బొద్దుగా ఉంటే ఆ పేరే పెట్టేవాళ్లం. గుమాస్తా జీతానికి పాలడబ్బా బరువే. డబ్బా నెలాఖరు దాకా రావాలని పొడి తగ్గించి నీళ్లు పెంచే ఇళ్లు ఉండేవి. ఆ నీళ్లు మంచివి కాకపోతే విరేచనాలు, ఆపైన బిడ్డ ప్రాణానికే ముప్పు. ఈ సంగతి 1939లోనే సింగపూరులో డాక్టర్ సిసిలీ విలియమ్స్ నిర్మొహమాటంగా చెప్పారు. 1974లో బ్రిటన్‌లోని 'వార్ ఆన్ వాంట్' సంస్థ దీనిపై చిన్న పుస్తకం వేసింది. 1977లో అమెరికాలో నెస్లే సరుకుల బహిష్కరణ మొదలైంది. చివరకు 1981 మే 21న జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సభ తల్లిపాలకు బదులు వాడే పాలపొడుల అమ్మకాలపై అంతర్జాతీయ నియమావళిని ఆమోదించింది. అనుకూలంగా 118 ఓట్లు, వ్యతిరేకంగా ఒకే ఒక్కటి. ఆ ఒక్కటీ అమెరికాది.

నియమావళి అంటే మన భాషలో సర్క్యులర్ వంటిది. పాటించకపోతే అడిగేవాడు ఉండడు. మన ప్రభుత్వం 1983లో జాతీయ నియమావళి తెచ్చింది. శిక్షలతో కూడిన చట్టం 1992లో వచ్చి, 1993 ఆగస్టు 1 నుంచి అమలైంది. పాలడబ్బాపై తల్లి బొమ్మ, బిడ్డ బొమ్మ వేయరాదు. తల్లిపాలే శ్రేష్ఠమని అచ్చు వేయాలి. ఉచిత నమూనాలు పంచరాదు. అమ్మకాన్ని బట్టి ఉద్యోగికి కమీషన్ ఇవ్వరాదు. ఈ చివరి షరతు రాసినవారెవరో గాని లోకం తెలిసినవారు! 2003 సవరణతో రెండేళ్ల లోపు పిల్లల డబ్బా ఆహారాల ప్రకటనలు కూడా ఆగాయి.

తల్లిపాల తర్వాత పెట్టే తిండి విషయంలో మన హైదరాబాదుకు పేరుంది. 1918లో కూనూరులో పుట్టి తర్వాత తార్నాకకు చేరిన జాతీయ పోషకాహార సంస్థ, చిక్కిపోయిన పిల్లల కోసం 'హైదరాబాద్ మిక్స్' తయారుచేసింది. గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగ 10, బెల్లం 20. దాదాపు 330 కేలరీలు, 11 గ్రాముల మాంసకృత్తులు. ఏ కిరాణా కొట్లోనైనా దొరికే సరుకులే. మా నాగారానికి ఎంతో దూరం లేని నాచారంలో, పూర్వం ఎ.పి. ఫుడ్స్, ఇప్పుడు తెలంగాణ ఫుడ్స్ అనే ప్రభుత్వ కర్మాగారం ఉంది. అంగన్‌వాడీల బాలామృతం అక్కడిదే.

ముర్రుపాలు పిండి పారబోయించి తేనె నాకించిన పెద్దవాళ్లను మనం చూశాం. ఇప్పుడు ఆ పెద్దవాళ్ల స్థానంలో మనం ఉన్నాం. పసిబిడ్డ ఏడిస్తే "పాలు చాలట్లేదేమో, డబ్బా తెప్పించండి" అనే గొంతు చాలా ఇళ్లలో అమ్మమ్మదో నానమ్మదో. 2001లో ప్రపంచ ఆరోగ్య సభ ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు మాత్రమే అంది. అంతకుముందు నాలుగు నుంచి ఆరు నెలలనేవారు. మగపిల్లలకు ఆరో నెలలో అన్నప్రాసన చేసే మనకు ఇది దగ్గరి లెక్కే, ఆడపిల్లలకు ఐదో నెల అనడంలోనే చిక్కు. మా మనవరాలికి ఇంటావిడ ఐదో నెలలో ముహూర్తం పెట్టిస్తే, కోడలు ఒప్పుకోక ఏడో నెలకు మార్పించింది. పంతులుగారు పంచాంగం తిరగేసి, అదీ బేసి నెలేగా, దివ్యంగా ఉందన్నారు.