విశాఖ కడలి అడుగున ఘాజీ

మన తిరుపతి, చిత్తూరు వైపు నుంచి విశాఖ వెళ్లినవాళ్లు ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ఎక్కి చూడకుండా రారు. ఆ ఊరి సముద్రంలోనే, తీరానికి రెండు, రెండున్నర కిలోమీటర్ల దూరంలో, ఇంకో జలాంతర్గామి సుమారు 100 మీటర్ల లోతున పడి ఉంది. 2017లో తెలుగు సినిమాకెక్కిన ఘాజీ అదే.

దాని పుట్టిల్లు అమెరికా. పోర్ట్స్‌మత్ నౌకానిర్మాణ కేంద్రంలో 1944 డిసెంబరు 1న జలప్రవేశం చేసింది. అప్పటి పేరు డయాబ్లో, పొడవు 95 మీటర్లు. 1964లో పాకిస్తాన్ లీజుకు తీసుకుని ఘాజీ అని పేరు పెట్టుకుంది. 1971 నవంబరులో మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వేటాడటానికి కరాచీ నుంచి బయలుదేరింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ చేరింది. డిసెంబరు 3 అర్ధరాత్రి ప్రాంతంలో ఘాజీ పేలి మునిగిపోయింది. లోపలున్న 93 మందిలో ఒక్కరూ బతకలేదు.

నీళ్లమీద తేలిన శకలాలను ముందు చూసింది మన జాలర్లే. తరవాత నిస్తార్ నౌక నుంచి నేవీ గజ ఈతగాళ్లు దిగారు. ముందుభాగం ఛిద్రమై కనిపించింది. రాజ్‌పుత్ నౌక జారవిడిచిన, నీళ్లలో పేలే డెప్త్ చార్జీలే ముంచాయని మనవాళ్లు, ప్రమాదవశాత్తూ పేలిందని పాకిస్తాన్ అంటూ వచ్చారు. ఇలాంటి తగవు తీర్చగలిగేది ఇనుమే. బయటి పేలుడుకు రేకు లోపలికి నొక్కుకుపోతుంది, లోపలి పేలుడుకు బయటికి విచ్చుకుంటుంది. అందుకే శిథిలంలో ఏ ముక్కనూ కదపకుండా, ప్రతి వంపునూ ఫొటోల్లోకి, సోనార్ పటాల్లోకి ఎక్కించాలి. ఒక్క తలుపు ఊడదీసినా సాక్ష్యం చెడిపోతుంది.

2018లో సమకూర్చుకున్న లోతునీటి రక్షణ వాహనంతో నేవీ ఘాజీ ఉన్న చోటును గుర్తించిందని 2024 ఫిబ్రవరిలో వార్త వచ్చింది. చనిపోయినవారి మీద గౌరవంతో దాన్ని తాకలేదన్నారు. శత్రువులైనా అది వాళ్ల సమాధి. ఆ నిర్ణయానికి చేతులెత్తి మొక్కాలి. అయితే తాకకుండా తీయగల కొలతలన్నీ తీసి, చరిత్రకారులకు అందుబాటులో ఉంచాలని కూడా గట్టిగా అడగాలి. 1944 ఫిబ్రవరి 11న విశాఖ సముద్రంలోనే మునిగిన జపాన్ జలాంతర్గామి ఆర్‌ఓ-110కీ ఇదే వర్తిస్తుంది.

2001 నాటి యునెస్కో ఒప్పందం నీటిలో నూరేళ్లు గడిచినవాటినే వారసత్వంగా లెక్కిస్తుంది. భారత్ అందులో చేరలేదు. చేరినా ఘాజీ వంతు 2071లో గాని రాదు. ఉప్పునీరు అన్నాళ్లు ఆగదు. లోతుల్లో దిగే పనికోసమే విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డ్ కట్టిన కొత్త నిస్తార్ 2025 జులై 18న నేవీలో చేరింది. కొలతలు తీయడానికి ఇప్పుడు సాధనాల కొరత లేదు.