కోరమాండల్ మొక్కల పుస్తకం - ఒక నిరాశ

ఫాల్గుణంలో డోర్నకల్ దాటి గార్ల వైపు రైలు సాగుతుంటే, ఆకులు రాల్చిన మోదుగులు ఎర్రగా విరబూసి కనిపిస్తాయి. ఆ పువ్వును తొలినాళ్ళలో గ్రంథస్థం చేసిన వారి కథ చదవాలన్న ఆశతో, విలియం రాక్స్‌బరో రచించిన 'ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్' తెరిచాను. అరుదైన పువ్వుల వేట ఉంటుందనుకున్నాను. నిరాశే మిగిలింది.

రాక్స్‌బరో 1776లో మద్రాసు వైద్యశాఖలో చేరి, 1781లో సామర్లకోట వచ్చాడు. అక్కడ కంపెనీ కోసం మిరియాల తోట పెంచాడు. 1787 నాటి ఉప్పెనలో ఆయన సేకరించినవన్నీ కొట్టుకుపోయాయి. మళ్ళీ మొదటినుంచి సేకరించాడు. ఇక్కడి చిత్రకారులను జీతానికి పెట్టుకుని బొమ్మలు గీయించి లండనుకు పంపాడు. వాటినుంచి జోసెఫ్ బ్యాంక్స్ ఎంపిక చేసినవి 1795-1820 మధ్య మూడు సంపుటాలుగా, 300 చిత్రపటాలతో వెలువడ్డాయి.

పటాల సొగసును కాదనలేము. మామిడికొమ్మల మీద పెరిగే వాండా పువ్వు గళ్ళ రేకులను చూసి ముగ్ధుణ్ణయ్యాను. వర్ణనలో చాలాచోట్ల తెలుగు పేర్లు కూడా కనిపిస్తాయి. అయితే వచనమంతా కొలతలు, పూతకాలం, ఉపయోగాలు. ఆ కొమ్మ ఎక్కినవారెవరు, 'ఇది మోదుగు' అని చెప్పినవారెవరు అన్న ప్రశ్నకు అందులో చోటు లేదు. పుస్తకం అచ్చయింది కంపెనీ డైరెక్టర్ల ఆజ్ఞతో. రంగు, కలప, మందు ఏ మొక్కనుంచి వస్తాయన్నదే వారికి కావలసినది.

అన్నిటికన్నా బాధించినది మరొకటి. బొమ్మలు గీసినవారి పేర్లు పటాల మీద లేవు. మోదుగు ప్రజాతికి మాత్రం 'బ్యుటియా' అని పేరు. అది ఇంగ్లండు ప్రధానిగా పనిచేసిన బ్యూట్ ప్రభువు స్మారకం. ఆయన ఈ దేశంలో అడుగుపెట్టినవాడు కాడు. పువ్వును ఎదుట పెట్టుకుని రేకు రేకునూ గీసినవాడు మాత్రం అనామకుడు.

అది ఆ కాలపు ఆనవాయితీ అని సరిపెట్టుకుందామా అంటే, తరువాతి తరంలోనే మరో ఉదాహరణ ఉంది. మద్రాసు నుంచి 1838-53 మధ్య ఆరు సంపుటాల 'ఐకోన్స్' వెలువరించిన రాబర్ట్ వైట్ దగ్గర రంగయ్య, గోవిందు అనే చిత్రకారులు పనిచేశారు. గోవిందు పేరిట 1853లో వైట్ ఒక ఆర్కిడ్ ప్రజాతికి 'గోవిందూయియా' అని నామకరణం చేశాడు. ఆ ప్రజాతిని తరువాత ట్రోపిడియాలో కలిపేశారు. అయినా గోవిందు చరిత్రలో నిలిచాడు. పేరు రాయడానికి పట్టేది ఒక్క గీత సిరా!

మిత్రులకు ఒక విన్నపం. మీ ఊరి పువ్వు గురించి మీ బ్లాగులో రాసేటప్పుడు, దాని పేరు మీకు చెప్పిన పెద్దవారిని అడిగి, వారికి సమ్మతమైతే వారి పేరు కూడా రాయండి.