యానాములో పౌరసత్వ నిర్ణయము

యానాము గౌతమీతీరమున తెలుగువారి పట్టణమే యైనను, 1954 నవంబరు 1వ తేదీన గాని దాని పరిపాలనము ఫ్రెంచివారినుండి భారతప్రభుత్వమునకు సంక్రమింపలేదు. అప్పటికిని పౌరసత్వపు ప్రశ్న తేలలేదు. 1956 మే 28న సంతకములైన విలీనసంధి 1962 ఆగస్టు 16న అమలులోనికి వచ్చెను. ఈ నడుమ రమారమి యెనిమిదేండ్లు అచటి ఫ్రెంచి జాతీయులు, ఇల్లు కదలకయే, ఒక రాజ్యపు పాలనలో నుండి చట్టరీత్యా వేరొక రాజ్యమునకు చెందియుండిరి.

సంధి ననుసరించి, ఆ స్థావరములలో పుట్టి అందే నివసించుచున్న ఫ్రెంచి జాతీయులు భారతపౌరులైరి. అందులకు దరఖాస్తుతో పనిలేదు. ఫ్రెంచి జాతీయతను నిలుపుకొనగోరువారు మాత్రము ఆరు నెలలలోపల వ్రాతమూలకముగ ప్రకటింపవలసి యుండెను. తెలిసి ఊరకున్నవానికిని, గడువు సంగతి యెరుగనివానికిని ఫలమొక్కటే.

బరువంతయు తండ్రిపై పడెను. 18 ఏండ్లు నిండని అవివాహిత సంతానమునకు ఆతని ప్రకటనయే ప్రమాణము. అందు వారిని పేర్కొనవలెను. తండ్రి లేనిచో తల్లి, ఇరువురును లేనిచో సంరక్షకుడు. ఇట్లు ఫ్రెంచి జాతీయులుగ నిలిచిన పిల్లలు 18 ఏండ్లు నిండిన ఆరు నెలలలో భారత జాతీయతను కోరుకొనవచ్చును. భార్య సంగతి వేరు. భర్త నిర్ణయ మామెను బంధింపదు. ఒక్క యింట రెండు జాతీయతలు ఏర్పడుట కిది చాలును; తండ్రిమాటయే ఇంటిమాటగ సాగిన కుటుంబములకు ఇది చిన్న మార్పు కాదు.

జనన మరణ వివాహముల రిజిష్టరులు భారతదేశముననే యుండవలెననియు, కోరినవారికి నకళ్లీయవలెననియు సంధి విధించినది. జన్మస్థలము రుజువు కానిదే పై నిబంధనలు వర్తింపవు గనుక, ఆ నకలే కుటుంబమునకు మొదటి కాగితము.