మంచు మీద వేరు కాపురాలు

2013 మార్చి 24న డెట్రాయిట్‌లోని జో లూయిస్ అరీనాలో ఒక కాలేజీ ఐస్ హాకీ ఫైనల్ జరిగింది. నోటర్ డామ్ 3-1తో మిషిగన్‌ని ఓడించి కప్పు పట్టుకెళ్ళింది. వచ్చే ఏడాది ఆ కప్పుని నిలబెట్టుకోవాల్సిన పని వాళ్ళకి లేదు. ఎందుకంటే వచ్చే ఏడాదికి ఆ లీగే లేదు. 1971లో పుట్టిన సెంట్రల్ కాలేజియేట్ హాకీ అసోసియేషన్‌కి అదే ఆఖరి ఆట. ఆడేవాళ్ళు కరువై మూతపడిన లీగ్ కాదది. అందులో ఉన్న జట్లన్నీ ఆ తర్వాత కూడా ఆడాయి. కలిసి ఉండటం మాత్రం మానేశాయి.

ఎందుకు మానేశాయో తెలియాలంటే ముందు 'కాన్ఫరెన్స్' అంటే ఏమిటో చూడాలి. అమెరికా కాలేజీ ఆటల్లో ఆ మాటకి సభ, సదస్సు అనే అర్థాలు లేవు. కొన్ని కాలేజీలు కలిసి, ఏటా మనలో మనం ఇన్ని ఆటలు ఆడుకుందాం, గెలిచినవాళ్ళకి కప్పు ఇచ్చుకుందాం అని చేసుకున్న ఏర్పాటు అది. పైకి ఆటల పట్టికలా కనిపిస్తుంది కానీ లోపల అదంతా ఖర్చుల లెక్క. హాకీ జట్టంటే పాతికమంది కుర్రాళ్ళు, కోచ్‌లు, ఒక్కొక్కరికీ మంచం సైజు సంచీడు సామాను. శుక్రవారం ఒక ఆట, శనివారం ఒక ఆట. వీటికి బస్సో విమానమో, హోటలు, తిండి. ఎవరితో ఆడాలో కాన్ఫరెన్స్ నిర్ణయిస్తుంది కాబట్టి ఎంత దూరం పోవాలో, ఇంటి దగ్గర ఎన్ని టిక్కెట్లు అమ్ముడవుతాయో కూడా అదే నిర్ణయిస్తుంది.

ఒకరకంగా ఇది ఉమ్మడి కుటుంబం. అందులో బాగా గడించే అన్నదమ్ములూ ఉంటారు, అంతంతమాత్రం వాళ్ళూ ఉంటారు. మిషిగన్ విశ్వవిద్యాలయానికి లక్షమందికి పైగా పట్టే ఫుట్‌బాల్ స్టేడియం ఉంది. అదే లీగ్‌లో లేక్ సుపీరియర్ స్టేట్ అనే చిన్న కాలేజీ ఉండేది. కెనడా సరిహద్దులో సూ సెయింట్ మేరీ అనే చిన్న ఊరు దానిది. మిగతా ఆటలన్నిటిలో అది రెండో శ్రేణి జట్టే. హాకీలో మాత్రం 1988, 1992, 1994లలో మూడుసార్లు జాతీయ చాంపియన్. మొదటి శ్రేణిలో హాకీ ఆడే కాలేజీలు దేశం మొత్తం మీద అరవై చిల్లర. అందుకే ఇలాంటి చిత్రం సాధ్యమైంది. మిషిగన్ జట్టు ఆ ఊరొస్తే ఆ వారాంతం హాలు నిండుతుంది. ఆ టిక్కెట్ల డబ్బుతో చిన్న కాలేజీ కొంత ఊపిరి పీల్చుకుంటుంది.

ఈ కుటుంబాల్లో పంపకాలు అంతకుముందూ జరిగాయి. 1981లో మిషిగన్, మిషిగన్ స్టేట్, మిషిగన్ టెక్, నోటర్ డామ్ కలిసి వెస్టర్న్ కాలేజియేట్ హాకీ అసోసియేషన్ నుంచి బయటికొచ్చి సెంట్రల్‌లో చేరాయి. అప్పటి బాధ దారిఖర్చులు. ఆడటానికి కొలరాడో దాకా పోయి రావాలంటే తడిసి మోపెడయ్యేది. మూడేళ్ళకి మిషిగన్ టెక్ మళ్ళీ పాత ఇంటికే వెళ్ళిపోయింది. ఆ రోజుల్లో వేరుపడటం ఖర్చు తగ్గించుకోడానికి. 2011లో వేరుపడింది రాబడి పెంచుకోడానికి. రెండూ డబ్బు లెక్కలే అయినా మొదటిదానిలో పోయినవాళ్ళు తిరిగి రాగలిగారు. రెండోదానిలో తిరిగి రావడానికి ఇల్లు మిగల్లేదు.

ఆ రెండో కథ గ్యాస్ బావుల్లో మొదలైంది. టెరీ పెగూలా పెన్ స్టేట్‌లో చదువుకున్న పెట్రోలియం ఇంజనీరు. బంధుమిత్రుల దగ్గర 7,500 డాలర్లు అప్పు తీసుకుని 1983లో ఈస్ట్ రిసోర్సెస్ అనే కంపెనీ పెట్టాడు. 2010లో దాన్ని షెల్ కంపెనీ 470 కోట్ల డాలర్లకి కొనుక్కుంది. ఆ ఏడాది సెప్టెంబర్‌లోనే పెగూలా దంపతులు పెన్ స్టేట్‌కి 8.8 కోట్ల డాలర్లు ఇస్తామని ప్రకటించారు. ఐస్ అరీనా కట్టడానికి, అప్పటిదాకా క్లబ్బు స్థాయిలో ఉన్న జట్టుని పూర్తిస్థాయి జట్టుగా నిలబెట్టడానికి. తర్వాత ఆ మొత్తం 10.2 కోట్లకి పెరిగింది.

ఒక కాలేజీకి ఒక దాత డబ్బిస్తే రెండు లీగ్‌లు ఎందుకు కూలాలి? కారణం ఆరు అనే అంకె. జాతీయ టోర్నమెంటులో ఒక కాన్ఫరెన్స్ విజేతకి నేరుగా చోటు దొరకాలంటే అందులో కనీసం ఆరు జట్లుండాలి. బిగ్ టెన్ అంటే ఫుట్‌బాల్‌తో, బాస్కెట్‌బాల్‌తో ఎదిగిన పెద్ద విశ్వవిద్యాలయాల కాన్ఫరెన్స్. అందులో హాకీ ఆడేవి అప్పటికి ఐదు: మిషిగన్, మిషిగన్ స్టేట్, ఒహాయో స్టేట్ సెంట్రల్‌లోనూ, మినెసోటా, విస్కాన్సిన్ వెస్టర్న్‌లోనూ ఆడేవి. పెన్ స్టేట్ ఆరోది. 2011 మార్చిలో బిగ్ టెన్ సొంత హాకీ ప్రకటించేసింది. 2013లో ఆటలు మొదలవుతాయంది.

బిగ్ టెన్‌కి హాకీ మీద అంత మోజేమీ అక్కర్లేదు. దానికొక టీవీ ఛానల్ ఉంది. ఫాక్స్‌తో కలిసి 2007లో పెట్టిన బిగ్ టెన్ నెట్‌వర్క్. ఛానల్ అన్నాక ఇరవై నాలుగ్గంటలూ ఏదో ఒకటి చూపించాలి. శీతాకాలం శుక్రవారం రాత్రుళ్ళు చూపించడానికి మిషిగన్-మినెసోటా హాకీ కన్నా మంచి సరుకేముంటుంది? అదే ఆట ఇంకొకరి లీగ్‌లో జరిగితే దాని హక్కులు ఇంకొకరివి. తమ పేరు మీద జరిగితే తమవి. ఇందులో కుట్రేమీ లేదు. చేతిలో ఉన్న సరుకుని సొంత దుకాణంలో అమ్ముకుందామనుకున్నారు, అంతే.

కానీ పెద్దన్న వేరుపడతానన్న మర్నాడే మిగతా అన్నదమ్ములు కూడా ఎవరి గోడ వాళ్ళు కట్టుకోవడం మొదలుపెడతారు. 2011 జూలైలో నార్త్ డకోటా, డెన్వర్, కొలరాడో కాలేజ్, మినెసోటా డులూత్, నెబ్రాస్కా ఒమాహా, మయామి కలిసి నేషనల్ కాలేజియేట్ హాకీ కాన్ఫరెన్స్ పెట్టుకున్నాయి. తర్వాత సెయింట్ క్లౌడ్ స్టేట్, వెస్టర్న్ మిషిగన్ చేరాయి. వీళ్ళ భయం అర్థం చేసుకోదగ్గదే. నార్త్ డకోటాకి పది కోట్ల డాలర్లు దాటిన అరీనా ఉంది. మినెసోటా, విస్కాన్సిన్ లేని లీగ్‌లో ఆ కుర్చీలు ఎలా నింపాలి? ఇక నోటర్ డామ్ ఫుట్‌బాల్ ఆటలకి ఎన్‌బీసీతో ఎప్పటినుంచో ఒప్పందం ఉంది. తన హాకీకి కూడా ఆ తెర మీద చోటు చూసుకుని తూర్పున హాకీ ఈస్ట్‌లో చేరింది. 2017లో అక్కణ్ణించి బిగ్ టెన్‌కి వచ్చింది.

మిగిలినవాళ్ళు వెస్టర్న్ పేరు కింద పోగయ్యారు. లేక్ సుపీరియర్, ఫెర్రిస్ స్టేట్, మిషిగన్ టెక్, నార్తర్న్ మిషిగన్, బౌలింగ్ గ్రీన్, బెమిజీ స్టేట్, మినెసోటా స్టేట్, అలాస్కా జట్లు రెండు, దక్షిణాన అలబామాలో హంట్స్‌విల్. హంట్స్‌విల్‌లో ఐస్ హాకీ ఏమిటి అనిపించవచ్చు. నాసా రాకెట్లు తయారైన ఊరు అది. అక్కడి జట్టు 1996లో, 1998లో రెండో శ్రేణి జాతీయ చాంపియన్. దాని పాత లీగ్ 2010లో కూలిపోయింది. సెంట్రల్‌ని అడిగితే రానివ్వలేదు. మూడేళ్ళు ఏ గూడూ లేకుండా తిరిగి, 2013లో ఇక్కడ చోటు సంపాదించుకుంది. హంట్స్‌విల్ నుంచి యాంకరేజ్‌కి గాల్లోనే ఐదు వేల కిలోమీటర్లకు పైన. మినెసోటా, విస్కాన్సిన్ జనాన్ని రప్పించే రోజులు పోయాయి, విమానం టిక్కెట్లు మాత్రం మిగిలాయి.

ఇటువంటి కాలేజీల్లో ఆటల ఖర్చు టీవీ నుంచి రాదు. విశ్వవిద్యాలయం బడ్జెట్ నుంచి, విద్యార్థులు కట్టే ఫీజుల నుంచి వస్తుంది. మన ఊళ్ళనుంచి ఎమ్మెస్ చదవడానికి వెళ్ళి, స్కేట్లు ఎన్నడూ కాలికి తగిలించని పిల్లలు కూడా చాలాచోట్ల ఆ ఫీజు కట్టినవాళ్ళే. అందుకే అక్కడ ప్రతి ప్రయాణానికీ ఎవరో ఒకరు లెక్క అడుగుతారు.

ఆ లెక్క 2019 జూన్‌లో తేలింది. పదింటిలో ఏడు కాలేజీలు, దగ్గర దగ్గరగా ఉన్నవి, బయటికి పోతున్నామని నోటీసిచ్చాయి. వద్దనుకున్న మూడూ అలాస్కా జట్లు, హంట్స్‌విల్. బిగ్ టెన్ తమని వదిలేసిందని ఎనిమిదేళ్ళు బాధపడ్డవాళ్ళు, తమకన్నా దూరాన ఉన్నవాళ్ళని అదేవిధంగా వదిలేశారు. కొత్త లీగ్‌కి పెట్టుకున్న పేరు కూడా చనిపోయిన సెంట్రల్ పేరే. వాళ్ళనీ తప్పు పట్టలేం. వాళ్ళ బడ్జెట్లు వాళ్ళకున్నాయి. ఒక్కొక్క నిర్ణయాన్నీ విడిగా తీసి చూస్తే సబబుగానే కనబడుతుంది. అన్నీ కలిపి చూస్తేనే అంచున ఉన్నవాడు కిందపడటం కనిపిస్తుంది.

ఆ నెల ముగియకముందే అలాస్కా గవర్నర్ మైక్ డన్‌లీవీ రాష్ట్ర విశ్వవిద్యాలయానికి ఇచ్చే నిధుల్లో 13 కోట్ల డాలర్లు కోసేశాడు. తర్వాత రాజీపడి ఆ కోతని మూడేళ్ళ మీద 7 కోట్లకి తగ్గించారు. మరుసటేడు కోవిడ్. యాంకరేజ్ తన హాకీ జట్టుని ఎత్తేస్తామంది. కావాలంటే 30 లక్షల డాలర్లు పోగుచేసి చూపించండి అన్నారు పాలకవర్గంవారు. ఊళ్ళోవాళ్ళు, పాత ఆటగాళ్ళు కలిసి 2021 ఆగస్టు నాటికి పోగుచేశారు. 2022లో జట్టు తిరిగి మంచు మీదికొచ్చింది, ఏ కాన్ఫరెన్సూ లేకుండా. హంట్స్‌విల్ కూడా 2020లో జట్టు మూసేస్తామంటే అభిమానులు కొద్దిరోజుల్లోనే ఐదు లక్షల డాలర్లకు పైగా తెచ్చిచ్చారు. ఒక సీజన్ గడిచింది. కానీ చేర్చుకునే లీగ్ దొరకలేదు. 2021 మేలో జట్టుని నిలిపేశారు. డబ్బు విరాళాలతో తేవచ్చు. పొరుగువాళ్ళని విరాళాలతో తేలేం.

ఇంతకీ ఎవరు గెలిచారు? 2014 నుంచి 2025 దాకా పదకొండు జాతీయ టోర్నమెంట్లు జరిగాయి. 2020లో కోవిడ్ వల్ల జరగలేదు. అందులో ఏడు కప్పులు నేషనల్ కాన్ఫరెన్స్ జట్లవి. అన్నిటికన్నా ఎక్కువ డబ్బు, సొంత ఛానల్ ఉన్న బిగ్ టెన్‌కి ఒక్కటీ రాలేదు. పెద్ద స్టేడియాల్లో పెట్టుకున్న తన కాన్ఫరెన్స్ టోర్నమెంటుకి కూడా జనం రాక, 2018 నుంచి దాన్ని కాలేజీల సొంత హాళ్ళకి మార్చుకుంది. టీవీ డబ్బు ఆటని ఎటు కావాలంటే అటు జరపగలిగింది కానీ, పాత పొరుగువాళ్ళ మధ్య ఏళ్ళ తరబడి పేరుకున్న కసిని వెంట తీసుకెళ్ళలేకపోయింది.

జరగడం ఇంకా ఆగలేదు. అరిజోనా స్టేట్ 3.2 కోట్ల డాలర్ల విరాళంతో జట్టు పెట్టి, 2024లో నేషనల్‌లో చేరింది. కొత్త సెంట్రల్‌లోకి వచ్చిన సెయింట్ థామస్, 7.5 కోట్ల డాలర్ల విరాళంతో కొత్త అరీనాకి దిగి, 2026లో నేషనల్‌కి పోవడానికి సిద్ధపడింది. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం ప్రకారం ఒక్కో విశ్వవిద్యాలయం ఏటా సుమారు 2.05 కోట్ల డాలర్ల దాకా ఆటగాళ్ళకి నేరుగా పంచవచ్చు. ఆటగాళ్ళకి అది ఎప్పుడో రావాల్సిన డబ్బు. మిషిగన్ లాంటివాళ్ళు ఇవ్వగలరు కూడా. లేక్ సుపీరియర్ లాంటి కాలేజీకి ఆ పెద్ద అంకెతో పనిలేదు. దాని గొడవంతా శుక్రవారం బస్సుకి డబ్బెక్కడిది, అటువైపు ఆడటానికి ఎవరున్నారు అన్నదే.