ఫెయిర్ ఐల్: పిట్టలు నిలబెట్టిన ఊరు

పోయిన ఎపిసోడ్‌లో సెయింట్ కిల్డా గురించి చెప్పుకున్నాం కదా. 1930 ఆగస్టు 29న మిగిలిన 36 మందీ ఇళ్ళు వదిలేసి ఓడెక్కేసిన దీవి. అలాంటిదే ఇంకో దీవి ఫెయిర్ ఐల్. ఆర్క్‌నీకీ షెట్లాండ్‌కీ మధ్య, నడిసముద్రంలో ఉంటుంది. అయిదు కిలోమీటర్ల పొడవు ఉంటుందేమో, చెట్టనేది దాదాపు లేదు. మరి అది ఎందుకు ఖాళీ కాలేదు? నన్నడిగితే సగం జవాబు పిట్టల్లో ఉంది.

నేను 2018 సెప్టెంబరులో వెళ్ళాను. షెట్లాండ్ నుంచి బుల్లి విమానం, పట్టుమని పదిమంది పట్టరు. అక్కడి బర్డ్ అబ్జర్వేటరీలోనే బస. పొద్దున్నే వార్డెన్ వెంట ట్రాపులు చూడటానికి బయల్దేరాం. రాతి గోడని ఆనుకుని గరాటులా కట్టిన పెద్ద వలపంజరం అది. మెల్లగా అదిలిస్తూ నడిస్తే పిట్టలు ముందుకెళ్ళి, చివరనున్న పెట్టెలో పడతాయి. ఆ రోజు పడింది ఎల్లో బ్రౌడ్ వార్బ్లర్, ఆరు గ్రాములుంటే గొప్ప. పుట్టింది సైబీరియా అడవుల్లో. కాలికి రింగు వేసి, రెక్క కొలిచి, తూచి వదిలేశారు. అంతా రెండు నిమిషాల పని. తర్వాత సాయంత్రం దాకా గోడల వెంట, పొలాల గట్ల వెంట నడకే. ఆగ్నేయం నుంచి గాలి వీస్తే పండగే అంటారు అక్కడ. దారి తప్పిన పిట్టలన్నీ ఆ గాలికే వచ్చి పడతాయి.

ఈ సంగతి మొదట పట్టుకున్నది విలియం ఈగిల్ క్లార్క్. 1905లో వచ్చాడు. ఆయన వెళ్ళిపోయాక కూడా పిట్టల లెక్క రాసినవాళ్ళు దీవివాళ్ళే. చేపలు పట్టుకుంటూ, గొర్రెలు కాసుకుంటూనే రాశారు. చరిత్రలో వాళ్ళకి దక్కాల్సినంత పేరు దక్కలేదనిపిస్తుంది నాకు.

అసలు కథ జార్జ్ వాటర్‌స్టన్‌ది. ఎడిన్‌బరో మనిషి. 1935లో మొదటిసారి ఈ దీవికి వచ్చాడు. 1941లో క్రీట్‌లో జర్మన్లకి చిక్కి ఖైదీ అయ్యాడు. ఆ ఖైదీల క్యాంపులో ఆయనకి తోడు దొరికినవాళ్ళూ పిట్టల పిచ్చోళ్ళే! జాన్ బక్స్‌టన్ అక్కడ రెడ్‌స్టార్ట్ పిట్టని గంటలకి గంటలు చూసి రాసుకున్న నోట్స్ 1950లో పుస్తకమైంది. పీటర్ కాండర్ తర్వాత్తర్వాత ఆర్.ఎస్.పి.బి.కి అధిపతి అయ్యాడు. వాటర్‌స్టన్ మాత్రం ఇయన్ పిట్‌మన్‌తో కలిసి, ముళ్ళతీగ వెనక కూర్చుని, ఫెయిర్ ఐల్‌లో అబ్జర్వేటరీ పెట్టడానికి ప్లాన్లు గీశాడు. 1943లో కిడ్నీ జబ్బు వల్ల ఇంటికి పంపేశారు. ఓడ మీంచి ఆయనకి మొదట కనబడ్డ స్వదేశపు నేల ఏదనుకున్నారు? ఫెయిర్ ఐలే. కథల్లో రాస్తే అతిగా ఉందంటాం.

1948లో దీవినే కొనేశాడు. నార్త్ హేవెన్ దగ్గర నేవీ వదిలేసిపోయిన షెడ్లలో అబ్జర్వేటరీ మొదలైంది. కానీ జనం తగ్గుతూనే ఉన్నారు. 1950లలో ఇక్కడా ఖాళీ చేయించే మాట వచ్చింది. 1954లో వాటర్‌స్టన్ దీవిని నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లాండ్‌కి అప్పగించాడు. ఇళ్ళ మరమ్మతులు మొదలయ్యాయి. పిట్టల కోసం వచ్చేవాళ్ళ వల్ల పడవకి ప్రయాణికులు, కొట్టుకి బేరం, కొందరికి జీతాలు. ఊరు నిలబడటానికి ఒక్కోసారి ఆ మాత్రం చాలు. ఇప్పటికీ ఉన్నది యాభై మంది దరిదాపు.

అదే 1954లో బ్రిటన్‌లో మొట్టమొదటి సిట్రిన్ వాగ్‌టెయిల్ కనబడింది కూడా ఇక్కడే. పసుప్పచ్చ తల, ఆగకుండా ఆడే తోక. చలికాలంలో మన చెరువుల అంచున తిరిగేది అదే పిట్ట. అక్కడ దాన్ని పట్టించుకునేవాడు లేడు. ఇక్కడ ఒక్కటి దిగితే విమానం కట్టించుకుని వస్తారు!

రాత్రి భోజనాలయ్యాక అందరూ ఒకచోట చేరతారు. వార్డెన్ ఒక్కో పిట్ట పేరూ చదువుతాడు, ఎన్ని చూశారో ఎవరికి వారు చెప్పాలి. నేను చూసిన రెండు వీటియర్లు కూడా అంకెలోకి ఎక్కాయి.

నేను తిరిగొచ్చిన ఆర్నెల్లకి, 2019 మార్చి 10న, ఆ భవనం కాలిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. దశాబ్దాల పిట్టల లెక్కలు అప్పటికే కంప్యూటర్‌లోకి ఎక్కించి ఉండటంతో బతికిపోయాయి. మళ్ళీ అక్కడే కట్టాలని నిర్ణయించారు. ఆ ఏడాది కూడా రింగులు వేయడం ఆగలేదు.