ఒంటరి ఆట, కలిసి ఆడే ఆట



మారండహళ్ళిలో మన పిల్లలు సెల్‌ఫోన్‌లో పాత్రలు వేసుకుని ఆడే ఆటలకు మూలం 1974లో అమెరికాలో వచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. నలుగురు బల్ల చుట్టూ కూర్చుని మాటలతో ఆడేవారు. కంప్యూటర్లకెక్కాక దారి చీలింది. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో మొదలైన ‘మడ్’లో పలువురు కలిసి ఆడారు. 1986లో జపాన్‌లో వచ్చిన ‘డ్రాగన్ క్వెస్ట్’లో వీరుడు ఒక్కడే.

ఈ తేడా మనకు కొత్త కాదు. వామనగుంటలను తమిళులు పల్లాంగుళి అంటారు. అది ఇద్దరి ఆట. తోడు లేనప్పుడు ఒక్కరే ఆడే పద్ధతి సీతాపాండి. అశోకవనంలో సీతమ్మ ఆడిందని చెప్పుకుంటారు.

ఒంటరి ఆటను ఎప్పుడైనా తీసి ఆడుకోవచ్చు. కలిసి ఆడే ఆట సర్వర్ ఆపితే పోతుంది. 2003లో మొదలైన ‘స్టార్ వార్స్ గెలాక్సీస్’ను 2011 డిసెంబరు 15న ఆపేశారు. ఆటగాళ్ళు అందులో కట్టుకున్న ఊళ్ళూ దానితోనే పోయాయి.

మన తెలుగూ కలిసి ఆడే ఆటే. బడిలో తమిళం, ఫోన్లో ఇంగ్లీషు. ఇంట్లో కూడా పలకకపోతే పుస్తకం మిగులుతుంది, మాట మిగలదు. ఈ ఆదివారం పిల్లలను కూర్చోబెట్టుకుని, చింతగింజలు తెలుగులో లెక్కపెడుతూ వామనగుంటలు ఆడదాం.